అత్తకు చలవ చేసిన రోజులు

పెళ్ళయిన రెండో ఏడు నాకు విజయనగరంలో ఉద్యోగం దొరికింది. బట్టల కొట్టు మీద రెండో అంతస్తులో పాతిక కంప్యూటర్లున్న గది. అమెరికాలో ఎవరో డాక్టరు ఎవరో రోగిని చూసి రాసుకున్న కాగితాలు మా తెరల మీదకి వచ్చేవి. వాటిని చదివి, ఏ జబ్బుకి ఏ కోడ్ నంబరు వస్తుందో చూసి వేయడం మా పని. మెడికల్ కోడింగ్ అంటారు. మా ఊళ్ళో మాత్రం "ఆల్ల కోడలు కంప్యూటర్ల రోగాలు రాస్తాది" అనేవారు. అది విని కొందరు వాళ్ళ రోగాలు కూడా రాయమని ఇంటికి వచ్చారు.

రెండువేల పదిహేనులో పాత కోడ్లన్నీ పోయి కొత్తవి వచ్చాయి. షుగరు జబ్బు ఒక్కదానికే పేజీలు పేజీలు. షుగరుతో కన్ను, షుగరుతో కిడ్నీ, షుగరుతో నరాలు, షుగరుతో కాలి పుండు, షుగరుతో చర్మం, దేనికదే వేరు. ఎక్కాల్లా బట్టీ పట్టాం. ఆడవాళ్ళ జననాంగం బయటి భాగం వాచి, ఎర్రబడి, మండితే వల్వైటిస్. దానికో కోడ్. లోపలి భాగానికి మరొకటి, బూజులాంటి క్రిమి వల్ల వస్తే ఇంకొకటి, వేరే జబ్బు వెనకాల వస్తే మళ్ళీ ఇంకొకటి. తెలుగులో ఏమంటారో చూద్దామని నిఘంటువు తిరగేస్తే భగశోథ అని ఉంది. ఓలమ్మో అనుకున్నాను. ఆ మాట మా అత్తతో అంటే ఏ ఊరి అమ్మవారే అని అడుగుతుంది. మా ఊరి ఆడవాళ్ళకి ఆ చోటుకున్న మంచి మాట ఒక్కటే, "కింద". మిగతావన్నీ కుళాయి దగ్గర దెబ్బలాటకు దాచుకున్న తిట్లు.

మాకు పని నేర్పినావిడ మొదటి రోజే ఒక సూత్రం చెప్పింది. "డాక్టరు రాయనిది లేనట్టే. మీ తెలివితేటలు ఉపయోగించకండి." రోగి దగ్గుతోందని రాస్తే దగ్గుకే కోడ్ వెయ్యాలి, నిమోనియా అయి ఉంటుందని నువ్వు ఊహించకూడదు. నాకా సూత్రం తెగ నచ్చింది. సగం తలనొప్పి తగ్గుతుంది కదా! ఆఫీసులో వాడుకుని అక్కడే వదిలేసి వచ్చి ఉంటే బాగుండేది. ఇంటిక్కూడా పట్టుకొచ్చాను.

ఇల్లంటే భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున మా ఊరు. ఆ ఇంట్లో నేనూ మా అత్తా. అత్త నాకు మేనత్త కూడా, మా నాన్న చెల్లెలు. చిన్నప్పుడు నన్ను చంకనేసుకు తిరిగిన మనిషే పెద్దయ్యాక అత్తగారయింది. అప్పటికి నలభై ఆరేళ్ళు. తెల్లారేసరికి ఒడ్డుకెళ్ళి వేలంలో చేప పాడుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని, భోగాపురం చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి అమ్మేది. తట్టలో ఐసు కరిగి వీపు మీదుగా కారి, మధ్యాహ్నానికి చీర నడుం నుంచి పాదాల దాకా తడిసే ఉండేది. ఎవరైనా మరీ గీచి గీచి బేరమాడితే, "సేపని సూసి బేరమాడమ్మా, నన్ను సూసి కాదు" అని తట్ట ఎత్తేసుకునేది. నోరంటే అలాంటి నోరు.

మా మావ, అంటే అత్త మొగుడు, మా ఆయన, ఇద్దరూ గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద. మా ఊరి మగాళ్ళు సగం మంది అంతే. వానాకాలంలో రైలెక్కితే మళ్ళీ ఎండాకాలం వేట ఆపిన రోజులకే ఇల్లు చేరేది. మా ఆయన్ని నేను బావ అంటాను, చిన్నప్పటి నుంచీ అంతే. వాళ్ళ బోటు ఇరవై రోజులు సముద్రం మీద ఉంటే నాలుగు రోజులు రేవులో ఉంటుంది. ఆ నాలుగు రోజులే ఫోను మోగేది.

ఆ ఏడు దసరా వెళ్ళిన దగ్గర్నుంచి అత్తలో తేడా కనిపించింది. కూర్చుంటే తిన్నగా కూర్చోదు, ఒక తొడ మీద బరువు వేసి ఒరిగి కూర్చునేది. రోజుకి నాలుగుసార్లు నీళ్ళ గదిలోకి దూరి ఉప్పునీళ్ళతో కడుక్కునేది. బయటికొచ్చేటప్పుడు పెదవి కొరికిపట్టుకుని ఉండేది. మా ఇళ్ళలో మగాడు సముద్రం మీద ఉన్నన్నాళ్ళూ శుక్రవారం శుక్రవారం గంగమ్మ పటానికి దీపం పెడతారు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ పని నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. ఒక శుక్రవారం, "ఇకనుంచి నువ్వెట్టీ" అంది. పెత్తనం చేతికొచ్చిందని మురిసిపోయాను. వెర్రి మొహాన్ని!

"అత్తా, ఏటయినాది? ఒంట్లో బాగోనేదా?" అని అడిగాను ఒకసారి.

"ఏటవ్తాది? ఎండల తిరిగి తిరిగి వేడి సేసింది. ఒంటేలుకెల్తే మంట. అంతే."

ఇంకేం! వేడి చేస్తే ఏం చెయ్యాలో మా వైపు ముక్కుపచ్చలారని పిల్లకైనా తెలుసు. చలవ చెయ్యాలి. సంపాదిస్తున్న కోడల్ని కదా, ఆ పని నా నెత్తిన వేసుకున్నాను. పొద్దున్నే రెండు కొబ్బరి బొండాలు. మధ్యాహ్నం తాగడానికి సీసాలో పంచదార వేసిన సబ్జా నీళ్ళు. సాయంత్రం విజయనగరం నుంచి వచ్చేటప్పుడు చెరుకు రసం, కారిపోకుండా మూత బిగించి ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చేదాన్ని. రాత్రి బార్లీ జావ, వట్టిది తాగదని దాన్లో బెల్లం. ఆదివారం గ్లూకోజు పొడి. తెచ్చిందల్లా అత్త గటగటా తాగేసేది. తాగినకొద్దీ దాహం అనేది. చూశావా, ఒంట్లో ఎంత వేడి ఉందో అనుకుని నేను ఇంకో బొండం కొట్టించేదాన్ని.

మనిషి సన్నబడింది. చేతి గాజులు మోచేతి దాకా జారేవి. కోడలు జీతం తెస్తుంటే అత్తకి ఒళ్ళు రావాలి గానీ తగ్గడమేమిటని వీధిలో వాళ్ళు నన్ను ఎత్తిపొడిచారు. కుళ్ళుకుంటున్నార్లే అని ఊరుకున్నాను. నీళ్ళ గదిలో అత్త వెళ్ళొచ్చిన చోటల్లా చీమలు బారులు కట్టేవి. భోగాపురంలో గమాక్సిన్ పొడి కొనుక్కొచ్చి జల్లాను. చీమలు చచ్చాయి. ఎందుకొచ్చాయని మాత్రం అడగలేదు. ఎనిమిది గంటలు షుగరు కోడ్లు వేసి వచ్చిన దాన్ని, ఇంటికొచ్చి చీమల మందు జల్లాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఇంకోటి కూడా జరిగింది. బోటు రేవుకి వచ్చి బావ ఫోను చేసినప్పుడు, చివర్లో మావ తీసుకుని "మీ అత్తకియ్యి" అనేవాడు. అత్త చెయ్యి ఊపి లేనని చెప్పమనేది. ఎదురుగా కూర్చునే ఉండేది! సంక్రాంతి వెళ్ళాక కూడా అదే వరస. నాలుగుసార్లు అబద్ధమాడాను. మావ కూడా గట్టిగా అడిగేవాడు కాదు. "సర్లే, బాగుందా?" అని పెట్టేసేవాడు. ఏదో మనస్పర్థ, మొగుడూ పెళ్ళాల మధ్య నాకెందుకులే అనుకున్నాను. వాళ్ళు చెప్పలేదు, కాబట్టి లేదు.

మాఘమాసం చివర్లో ఒక మధ్యాహ్నం ఆఫీసులో నా తెర మీదకి ఒక చార్టు వచ్చింది. నలభై ఆరేళ్ళ స్త్రీ. జననాంగం దగ్గర విపరీతమైన దురద, మంట, వాపు, తెల్లటి పూత. మూడు నెలలుగా ఎవరికీ చెప్పలేదు. సిగ్గు. దాహం, బరువు తగ్గడం. మూత్రం మంట తగ్గుతుందని పళ్ళరసాలు తాగుతోంది. షుగరు ఎంత ఎక్కువుందో ఆ కింద రాసి ఉంది. అలవాటుగా చెయ్యి కోడ్ల మీదకి పోయింది. మొదటి కోడ్ వేశాను. రెండోది సగం కొట్టాను. పళ్ళరసాలు అన్న మాట దగ్గరకి చూపు మళ్ళీ వెళ్ళింది. బల్ల కింద నా సంచీ ఉంది, అందులో అప్పుడే కొన్న గ్లూకోజు డబ్బా ఉంది.

టార్గెట్ పూర్తికాకుండా ఎక్కడికమ్మా అని సూపర్‌వైజరు అడుగుతూనే ఉంది, నేను మెట్లు దిగేశాను. భోగాపురం బస్సు ఎప్పుడూ నిండాకే కదులుతుంది. డ్రైవరు టీ తాగుతూ నిలబడ్డాడు. ఎల్దారా నాయనా, ఎల్దాం అని నేను కిటికీ చువ్వ పట్టుకుని లోపల్లోపల ఒకటే గొణుగుడు. దారంతా నేను తాగించినవి ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి.

ఇంటికెళ్ళేసరికి అత్త పెరట్లో వల పరిచి కవళ్ళు ఎండబెడుతోంది. కవళ్ళంటే చిన్న చేపలు.

"అత్తా, కింద దురద ఎన్నాల్ల కాణ్ణించి?"

చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది. "ఎవులు సెప్పినారే నీకు?"

"ఎవులూ సెప్పనేదు. నానే సూసినాను."

"సూసిందానివి సూసినట్టు ఊరుకో."

"అది వేడి కాదత్తా. షుగరనిపిస్తంది. రేపు రక్తం సూపిద్దాం, రా."

అత్త పకపకా నవ్వింది. "సుగరా! అది కుర్సీల కూకున్నోల్లకి వస్తాది. పొద్దు పొడిస్తే పది మైల్లు నడిసిందానికి ఏల వస్తాది? నీకొస్తాదే సుగరు, కూకుని కూకుని."

నేను నవ్వలేదు. అక్కడే కూలబడి అత్త మోకాలు పట్టుకున్నాను. నా మొహం చూసి అత్త నవ్వు కూడా పోయింది. గోడవతల ఎవరైనా ఉన్నారేమోనని చూసి, గొంతు తగ్గించింది.

"ఒట్టెయ్యి. ఎవులికీ సెప్పనని. మీ బావకి కూడా."

చేతిలో చెయ్యేశాను.

"ఇది మీ మావ తెచ్చిన రోగమే. ఆ వెరావల్ రేవు కాడ ఏటేటి ఉంతాయో నాకు తెలీదేటి? ఆడు రైలెక్కిన రెండు నెల్లకి నాకిది మొదలయినాది. మొన్నేసవికి వచ్చినప్పుడు అంటించీసి ఎలిపోయినాడు. ఇరవై ఆరేల్లు కాపురం సేసినాక నాకు సెడ్డ రోగం తెచ్చినాడే, సచ్చినోడు."

అత్త కళ్ళల్లో నీళ్ళు లేవు. దీపం నా చేతికి ఎందుకిచ్చిందో, ఫోను ఎందుకు తీసుకోలేదో అప్పటికి అర్థమయింది.

"అలగని సూపించుకోకుండా ఉంతావా?"

"వేట ఆపినాక వస్తాడు కదా. గుమ్మం కాడే నిలబెట్టి అడుగుతాను. అంతవరకు ఏ డాకటేరుకీ సూపించను. ఆసుపత్రిల పేరు రాస్తారు, ఊరు రాస్తారు. రేపు భోగాపురంల నా తట్ట కాడికి ఎవులొస్తారు? ఆడు మగోడు, ఆడినెవులంతారు? నన్నే అంతారు, మొగుడు ఊర్ల లేనప్పుడు ఏటి సేసిందోనని."

వేట ఆపడానికి ఇంకా మూడు నెలలుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "అప్పటిదాకా నువ్వుంటే కదత్తా అడగడానికి!" అనేశాను. నోరు జారాక నాలిక కరుచుకున్నాను.

"ఉంతాను," అంది అత్త. "అడగడానికయినా ఉంతాను."

మూడు రోజులు మా మధ్య మాటల్లేవు. నేను బొండాలు ఆపేశాను, బార్లీ ఆపేశాను, ఇంట్లో పంచదార డబ్బా తీసి పక్కింట్లో ఇచ్చేశాను. దానికి అత్త అర్థం చేసుకున్నది ఒకటే, కోడలికి కోపం వచ్చి చలవ చెయ్యడం మానేసిందని. పోనీలే అని తనే భోగాపురం జంక్షన్‌లో రోజుకి రెండు కూల్‌డ్రింకులు తాగడం మొదలుపెట్టింది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. బావతో చెబుదామంటే ఒట్టు ఉంది. పోనీ ఒట్టు తీసి గట్టున పెడదామని రెండుసార్లు ఫోను చేశాను, బోటు సముద్రంలో ఉంది. ఆఫీసులో కూర్చుంటే ఆ మూడు రోజులూ ప్రతి చార్టులోనూ అత్తే కనిపించింది. మా ఊళ్ళో ఆర్‌ఎంపీ ఉన్నాడు గానీ, అంతకు ముందు మా అత్త చోటు చెప్పకుండా ఒట్టి దురదంటే గజ్జి ట్యూబు ఇచ్చిన ఘనుడు అతనే.

నాలుగో రోజు పొద్దున అత్త చేపకి వెళ్ళలేదు. లేపడానికి వెళ్తే ఒళ్ళు పెనంలా ఉంది. నోటి దగ్గర మగ్గిపోయిన పళ్ళ వాసన. "నెగు అత్తా, నెగు" అంటే కళ్ళు తెరిచి నన్ను మా అమ్మ పేరుతో పిలిచింది. చీర పక్కకి తొలిగితే చూశాను. తొడ మొదలు దగ్గర నిమ్మకాయంత గడ్డ, చుట్టూ నల్లగా కమిలి, మిగతాదంతా ఎర్రగా చీరుకుపోయి ఉంది. ఆ నొప్పితో మనిషి తట్ట ఎత్తుకుని ఊళ్ళు ఎలా తిరిగిందో ఇప్పటికీ నాకు తెలీదు.

ఆటో పిలిపించాను. అత్త తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. దారిలో పొలాల్లో కొలతలు వేసి నాటిన రాళ్ళు చూపించి ఆటో అతను, "ఇక్కడేనమ్మా ఇమానాలు దిగుతాయంట, ఎయిర్‌పోర్టు వస్తాదంట" అని మొదలుపెట్టాడు. ఇమానం సంగతి తర్వాత బాబూ, నువ్వు ముందు ఆటో పోనీ అని అరిచాను. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "మీ మావకి సెప్పకు, నానే అడగాల" అని రెండుసార్లు అంది. తర్వాత ఆ పట్టు వదులైపోయింది. ఊపిరి మాత్రం పెద్దగా, తొందరగా వస్తోంది. విజయనగరం ఇంత దూరమని నాకు అంతకు ముందు ఎప్పుడూ అనిపించలేదు.

ఆసుపత్రిలో లేడీ డాక్టరు తెర లాగి చూసింది. నర్సు వేలు పొడిచి మీటరులో రక్తం పెట్టింది. ఐదువందలు దాటింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందమ్మా?"

"దసరా నుంచండి."

"ఇన్నాళ్ళూ ఏం వాడారు?"

చెప్పాను. బొండాలు, చెరుకు రసం, సబ్జా, బార్లీలో బెల్లం, గ్లూకోజు. ఒక్కటీ దాచకుండా చెప్పాను. డాక్టరు కలం ఆగింది.

"నువ్వేం చేస్తుంటావు?"

"మెడికల్ కోడింగండి."

ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసి మళ్ళీ రాసుకోవడం మొదలుపెట్టింది. నాలుగు తిట్టి ఉంటే నాకు ఊపిరాడేది.

గడ్డ కొయ్యాలన్నారు. షుగరు అంత ఉండగా కుళ్ళు లోపలికి పాకితే ప్రాణానికే ముప్పన్నారు, ఆలస్యం చెయ్యడానికి లేదన్నారు. భర్త సంతకం చెయ్యాలి, ఎక్కడున్నారు అని అడిగారు. సముద్రం మీద అన్నాను. కాగితం మీద నేనే చేశాను. వరండాలో బల్ల మీద కూర్చోవడం, లేవడం, మళ్ళీ కూర్చోవడం. బల్ల కదులుతుంటే పక్కన కూర్చున్న ముసలాయన లేచి వేరే చోటికి వెళ్ళిపోయాడు. అత్త పోతే బావకి నేనేం చెప్పాలి? మీ అమ్మ నా చేత్తో చెరుకు రసం తాగి పోయిందని చెప్పనా? మేనకోడల్ని తెచ్చి కోడల్ని చేసుకుంటే కడుపులో పెట్టుకు చూస్తుందని మా నాన్న అందరితో చెప్పాడు. నా చదువు తగలెయ్య, నా ఉద్యోగం తగలెయ్య అని పైకే అనుకున్నాను. ఎవరైనా విన్నారో లేదో తెలీదు.

సాయంత్రానికి బయటికి తెచ్చారు. రెండు రోజులు మాటా పలుకూ లేదు, సెలైన్లు, ఇన్సులిన్లు. గంట గంటకీ వేలు పొడిచి అంకె చూస్తుంటే ఆ అంకెతో పాటు నా గుండె ఎక్కి దిగేది. మూడో రోజు నర్సు కాళ్ళు తుడుస్తూ, అరికాల్లో ఏదో ఉందని పటకారుతో లాగింది. వేలెడు చేపముల్లు. చుట్టూ చీము పట్టి ఉంది. "నొప్పి తెలీలేదా అమ్మా ఇన్నాళ్ళూ?" అంటే అత్త వింతగా చూసి, "ఎప్పుడు గుచ్చుకున్నాదీ?" అంది. అంటే నరాలు కూడా దెబ్బతిన్నాయి, ఈ జబ్బు నిన్న మొన్న వచ్చింది కాదు. అప్పుడు అత్త నోటి నుంచి ఆ ఒక్క మాట వినేసరికి నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి.

డాక్టరమ్మ మంచం మీద కూర్చుని నెమ్మదిగా చెప్పింది. షుగరు చాలా ఏళ్ళ నుంచి ఉండి ఉంటుంది. ఒంట్లో తీపి ఎక్కువైతే అక్కడ బూజు పడుతుంది, దాంతో దురద, మంట, వాపు. తడి చీరతో రోజంతా తిరిగితే ఇంకా ఎక్కువ. గోకినచోట చీము పట్టి గడ్డయింది. ఇకనుంచి రోజూ మందులు, తిండి జాగ్రత్త.

అత్త అంతా విని ఒకటే అడిగింది. "అయితే ఇది ఆడు తేనేదా?"

"ఎవరూ తేలేదమ్మా. మీ ఒంట్లోదే. నిజానికి మీకు పైకి తెలియకముందే మీ నుంచి ఆయనకే అంటి ఉండొచ్చు. ఆయన్ని కూడా చూపించుకోమనండి. షుగరు కూడా చూపించమనండి."

డాక్టరమ్మ వెళ్ళాక అత్త గోడవైపు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఆ నోరున్న మనిషి ఏడిస్తే ఎలా ఓదార్చాలో నాకు చేతకాలేదు. వీపు మీద చెయ్యేసి కూర్చున్నాను.

మర్నాడు పొద్దున బావ ఫోను వచ్చింది. బోటు రేవుకి చేరిందట. ఇలా జరిగింది, గండం గడిచింది అని చెప్పగానే అవతల గోల. మావ ఫోను లాక్కున్నట్టున్నాడు, "ఏదీ, మీ అత్తకియ్యి" అన్నాడు. ఈసారి అత్త చెయ్యి ఊపలేదు. ఒక చేతికి సెలైను, రెండో చేతికి వేళ్ళన్నీ సూది పోట్లు. ఫోను నేనే ఆమె చెవి దగ్గర పట్టుకున్నాను. అందుకే రెండు వైపులా మాటలు విన్నాను.

"ఓ బావ, నాకు సుగరంట," అంది అత్త. మావని అత్త కూడా బావ అనే పిలుస్తుంది.

"సుగరేటే?"

"సుగరే. దాని మూలంగా కింద పుండు పడింది. కోసినారు. బతికినాను."

అవతల ఇంజను చప్పుడు, ఎవరో హిందీలో కేకలు.

"డాకటేరమ్మ అన్నాది, నా కాణ్ణించి నీకూ అంటి ఉంతాదని. నీకేటయినా ఉన్నాదేటి? నిజం సెప్పు."

లైను తెగిపోయిందేమోనని ఫోను తెర వైపు చూశాను. తెగలేదు.

"ఉన్నాదే," అన్నాడు మావ. గొంతు గుర్తుపట్టలేనంత చిన్నదైపోయింది. "ఇక్కడికొచ్చిన నెల కాణ్ణించీ. తెల్లగా పూసి సీలిపోయినాది. ఉప్పునీల్లు తగిల్తే పేణం పోతంది."

"ఇన్నాల్లూ నాకు సెప్పకపోయినావా?"

"ఎలగ సెప్తానే? సెప్తే నన్నేటనుకుంతావు? ఈడు రేవు కాడ ఏ ఆడదాని కొంపకో ఎల్లినాడు అనుకోవా? మన గుంటడి మీద ఒట్టు, నానెక్కడికీ ఎల్లనేదు. అందుకే నీతోటి మాటాడ్డానికి కూడా బయమేసీది."

అత్త పెదవులు రెండూ లోపలికి మడిచి గట్టిగా మూసుకుంది. కళ్ళ పక్కనుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. తుడవడానికి నా రెండో చెయ్యి పెడితే తల తిప్పేసింది.

"అనుకోవలసిందంతా అనుకునీసినాను బావ," అంది. "దసరా కాణ్ణించి రోజూ అనుకున్నాను. నువ్వా సముద్రంలనే పోయినా బాగుండునని కూడా అనుకున్నాను."

మా ఊరి ఆడది చచ్చినా అనని మాట అది.

అవతల మావ ఇంజను చప్పుడుకి దూరంగా జరిగినట్టున్నాడు, గొంతు దగ్గరగా వినిపించింది.

"పోనేదు కదే," అన్నాడు. "ఉన్నాను కదా. ఏడవకు. ఇయ్యాలే ఎల్లి రక్తం సూపించుకుంతాను."